ఒకే రైఫిల్, పది అవతారాలు: ఎవరి కోసం?

గత నెల బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో చిన్న పరిశ్రమల వాళ్ళ సమావేశం ఒకటి జరిగింది. రక్షణ రంగంలో ఆర్డర్లు ఎలా పట్టాలో చెబుతామన్నారు. జాబ్‌వర్క్ మీద బతికేవాళ్ళం కదా, అందరం వెళ్ళాం. హాల్లో సగం మంది మనవాళ్ళే. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి ఒక పాత లేత్‌తో మొదలుపెట్టి ఇవాళ కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు నడుపుతున్నవాళ్ళు. చివర్లో ఒక స్టార్టప్ కుర్రాడు తను తయారుచేయబోతున్న రైఫిల్‌ను తెర మీద చూపించాడు. మాడ్యులర్ బుల్‌పప్. అంటే భాగాలు మార్చుకునే వీలున్న, తూటాలుండే మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక ఉండే పొట్టి రైఫిల్. బొమ్మ ముక్కలుగా విడిపోయి మళ్ళీ అతుక్కుంది. గొట్టం మారింది, తూటా మారింది, చివరికి వెనక ఉన్న మ్యాగజైన్ ముందుకొచ్చి మామూలు రైఫిల్ అయిపోయింది. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ రేటు ఎంత, పేమెంటు ఎన్నాళ్ళకు అన్నవే.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆ మార్పులన్నీ ఎవరు చేస్తారు? ఎక్కడ కూర్చుని చేస్తారు?

నేను ప్లాస్టిక్ మౌల్డుల టూల్‌రూమ్‌లో పనిచేస్తాను. తుపాకులు తయారుచేసినవాణ్ణి కాను. కానీ రెండు ముక్కలు కలిసే చోట ఏం జరుగుతుందో చూడటమే నా ఉద్యోగం. తుపాకుల డిజైన్ మీద ఆసక్తి మాత్రం చాలా పాతది. దొరికిన పుస్తకమల్లా చదివాను, దొరికిన ఫౌజీనల్లా కదిలించాను. ఆ కుర్రాడి ఉత్సాహం నాకు నచ్చింది. మన దగ్గర ఇలాంటి పని జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అందుకే ఈ మాట వివరంగా రాయాలనిపించింది. మార్చుకునే వీలు ఫ్యాక్టరీకి కావాలి, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కి కావాలి. జవాను చేతికి వెళ్ళేసరికి మాత్రం అది ఒకే ఒక్క రైఫిల్ అయిపోవాలి. బుల్‌పప్ విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. ఎందుకంటే బుల్‌పప్ అనేది డ్రాయింగ్ మీద మొదటి గీత గీయకముందే తీసుకోవలసిన నిర్ణయం. తర్వాత తగిలించే సౌకర్యంగా దాన్ని చూస్తే దెబ్బతింటాం.

పొట్టి ఒళ్ళు, పొడుగు గొట్టం

బుల్‌పప్ మీద ఆశ ఎందుకు పుడుతుందో రెండు కొలతలు చూస్తే చాలు. మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్ పొడవు సుమారు 960 మి.మీ., దాని గొట్టం 464 మి.మీ. మన ప్రత్యేక బలగాలు వాడే ఇజ్రాయెల్ టావోర్ టార్-21 పొడవు సుమారు 720 మి.మీ., గొట్టం 460. అంటే గొట్టం దాదాపు అంతే ఉండి, ఒంట్లో మాత్రం జానెడు పైగా తగ్గిపోయింది. 5.56 మి.మీ. తూటా బలమంతా వేగంలోనే ఉంది. గొట్టం కోస్తే వేగం పోతుంది, వేగం పోతే ఆ చిన్న తూటాకు మిగిలేది తక్కువ. హెలికాప్టర్లోంచి, సాయుధ వాహనంలోంచి దిగేవాడికి, ఇళ్ళ మధ్య ఇరుకు మెట్లెక్కేవాడికి ఆ జానెడు చాలా విలువైనది. ఈ లాభాన్ని ఎవరూ కాదనలేరు, నేనూ కాదనను.

అయితే ఆ జానెడు ఊరికే రాదు. తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్టు, మ్యాగజైన్ అన్నీ ట్రిగ్గర్ వెనక్కి, చెంప కిందికి వెళ్ళిపోతాయి. ట్రిగ్గర్ ముందుండిపోతుంది, తూటా పేలేలా దెబ్బ కొట్టే హామర్ వెనక ఉంటుంది, ఆ రెంటినీ కలుపుతూ ఒక పొడుగాటి కడ్డీ వేయాలి. ఆ కడ్డీ ఉన్నంతకాలం ట్రిగ్గర్ నొక్కినప్పుడు మెత్తగా, సాగుతున్నట్టుగా ఉంటుందన్న ఫిర్యాదు ఉంటుంది. దీన్ని తగ్గించినవాళ్ళున్నారు గానీ పూర్తిగా తీసేసినవాళ్ళు తక్కువ. ఇదంతా చదివితే ఒక తీరుగా ఉంటుంది, ఒంటి మీద పెట్టుకుంటే ఇంకో తీరుగా ఉంటుంది.

మేడ మీద ప్లైవుడ్ ముక్క

ఆ సమావేశానికి నా వెంట మా మేనల్లుడు కూడా వచ్చాడు. ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఆ బొమ్మ విపరీతంగా నచ్చేసింది. ఆదివారం షాపులో మిగిలిపోయిన ప్లైవుడ్‌ను సుమారు 720 మి.మీ. పొడవున రైఫిల్ ఆకారంలో కోసి, ట్రిగ్గర్ ఎక్కడుంటుందో, మ్యాగజైన్ ఎక్కడుంటుందో, కాలిన తూటా గుల్ల బయటికొచ్చే కిటికీ ఎక్కడుంటుందో స్కెచ్ పెన్నుతో గీశాడు. మా ఎస్టేట్‌లో సెక్యూరిటీ చూసే రిటైర్డ్ హవల్దార్ గారిని టీకి పిలిచాను. ఆయనది ప్రకాశం జిల్లా, సర్వీసంతా ఇన్సాస్‌తోనే గడిచింది.

ఆయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఏమీ మాట్లాడకుండా మేడ మీద బోర్లా పడుకున్నారు. రైఫిల్ వెనక భాగాన్ని (బట్) భుజానికి ఆనించి, ఎడమ చెయ్యి ముందు పెట్టి, "ఇప్పుడు మ్యాగజైన్ మార్చాలి, చూడు" అన్నారు. ఇన్సాస్‌లోనైతే మ్యాగజైన్ కళ్ళ ముందుంటుంది. ఇక్కడ అది చంక దగ్గర ఉంది. నేలకు పొట్ట ఆనించి ఉన్న మనిషి దాన్ని చేరాలంటే మోచెయ్యి లేపాలి, లేదా రైఫిల్‌ను పక్కకు వంచాలి. ఆయన రెండూ చేసి చూపించారు. రెండుసార్లూ తల ఓ బెత్తెడు పైకి లేచింది.

"నేర్చుకుంటే వస్తుంది కదా హవల్దార్ గారూ, ఇజ్రాయెల్ వాళ్ళు నేర్చుకోలేదా?" అన్నాడు మావాడు.

"వస్తుంది అబ్బాయ్, ఎందుకు రాదు. చీకట్లో, గ్లౌజులతో వచ్చేదాకా నేర్పాలి. అంతే నేను చెప్పేది."

తర్వాత మావాణ్ణి పట్టుకోమన్నారు. వాడిది ఎడమ చేతివాటం. అలవాటు ప్రకారం ఎడమ భుజానికే ఆనించాడు. వాడు స్వయంగా గీసిన కిటికీ సరిగ్గా వాడి చెంప మీదికొచ్చింది. "ఖోకా (కాలిన గుల్ల) ఎటు పోతుంది నాయనా?" అని హవల్దార్ గారు అడిగితే వాడు ఆ గీత వంక చూస్తూ నిలబడిపోయాడు. వేడి గుల్ల మొహాన కొడుతుందన్న సంగతి పుస్తకంలో చదివినవాడే. కానీ ప్లైవుడ్ చెంపకు తగిలితే తెలిసేది వేరు.

ఈ చిక్కు మీద ప్రపంచమంతా బుర్ర పెట్టింది. ఆస్ట్రియా స్టెయర్ ఆగ్‌లో, టావోర్‌లో ఎడమచేతి బోల్టు వేరే ఉంటుంది. అది వేసి, కిటికీ మూతను అటు నుంచి ఇటు మార్చాలి. ఫ్రాన్స్ ఫామాస్‌లో కూడా అలాంటి మార్పిడికి వీలుంది. బెల్జియం ఎఫ్ఎన్ ఎఫ్2000లో గుల్లలను ఒక గొట్టంలోంచి ముందుకు తోసేసి, ఏ భుజానికైనా సరిపోయేలా చేశారు. బ్రిటన్ ఎల్85లో ఈ ప్రయత్నమే లేదు. బోల్టుతో పాటు ముందుకూ వెనక్కీ కదిలే పిడి కుడివైపే ఉంటుంది కాబట్టి సైనికులందరూ కుడి భుజం మీంచే కాల్చాలి. బోల్టు మార్చి కుడి రైఫిల్‌ను ఎడమ రైఫిల్ చేయడం మంచి మాడ్యులారిటీయే. కానీ చూడండి, అది ఒక మనిషికి ఒక రైఫిల్ ఇచ్చేటప్పుడు ఒక్కసారి చేసే మార్పు. గోడ మూల తిరుగుతూ కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చుకోవలసి వస్తే ఆ బోల్టు వల్ల ఉపయోగం లేదు.

టీ తాగుతూ హవల్దార్ గారు అన్న మరో మాట నా మనసులో బాగా నాటుకుంది. "మా కోత్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) సాయంత్రం లెక్క అప్పజెప్పేటప్పుడు ఒక్క మ్యాగజైన్ తగ్గితే కంపెనీ మొత్తాన్నీ పడుకోనివ్వరు. నీ రైఫిల్‌కి విడి గొట్టాలు, విడి బోల్టులు, రెండు రకాల మ్యాగజైన్లు. వాటి లెక్క ఎవడు రాస్తాడు? అర్జెంటుగా బయల్దేరమన్నప్పుడు ఏవి మోసుకెళ్ళాలో ఎవడు చెబుతాడు?"

నేను పీణ్య హాల్లో అడగాలనుకున్న ప్రశ్నను ఆయన నాకన్నా సూటిగా అడిగారు.

అతుకు పెట్టిన ప్రతి చోటా

ఇక నా వృత్తి సంగతి. రెండు భాగాలను విడదీసి మళ్ళీ కలిపేలా చేయాలంటే వాటి మధ్య ఖాళీ ఉండాలి. ఖాళీ మరీ తక్కువైతే మట్టి పడితే పట్టేస్తుంది, ఎక్కువైతే కదులుతుంది. ఒక అతుకైతే సర్దుకోవచ్చు. నాలుగు అతుకులుంటే నాలుగు ఖాళీలూ కలుస్తాయి, అన్నీ ఒకే వైపుకు కలిసిన రోజున గురి తప్పుతుంది. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ మౌల్డులోంచి బయటికొచ్చాక ఫైబర్ పారిన దిశలో ఒకలా, అడ్డదిశలో ఇంకోలా కుంచించుకుపోతుంది. మొదటి వెయ్యి ముక్కలకు, కొలత సరిగ్గా ఉంటే దూరాల్సిన గో గేజ్ సాఫీగా దూరుతుంది, మౌల్డు అరిగేకొద్దీ కథ మారుతుంది. దూరకూడని నో-గో గేజ్ కూడా దూరిపోయిన ముక్కను చేతిలో పట్టుకుని, ఇది ఎవరి బ్యాచ్ అని వెతికే రోజులు ప్రతి టూల్‌రూమ్‌లోనూ ఉంటాయి. ఇవన్నీ గెలవదగ్గ సమస్యలే. కానీ ఒక్కో అతుకునూ విడిగా గెలవాలి, ప్రతి బ్యాచ్‌లో మళ్ళీ గెలవాలి.

దీన్ని గెలిచి చూపించినవాళ్ళు ఆస్ట్రియన్లు. స్టెయర్ ఆగ్ 1977లో వాళ్ళ సైన్యంలోకి వచ్చింది. 350, 407, 508, 621 మి.మీ. గొట్టాలు ఒకే ఒంటికి ఎక్కుతాయి. కార్బైన్ (పొట్టి గొట్టపు రైఫిల్), రైఫిల్, తేలికపాటి మెషీన్‌గన్ అన్నీ అందులోంచే వచ్చాయి. 9 మి.మీ. పిస్టల్ తూటా కాల్చే రూపం కూడా తర్వాత వచ్చింది. ఒళ్ళంతా పాలిమర్. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది దాని ట్రిగ్గర్ పెట్టె. స్ప్రింగులు, పిన్నులు తప్ప హామర్‌తో సహా అంతా ప్లాస్టిక్కే. దెబ్బ మీద దెబ్బ కొట్టే హామర్‌ను ప్లాస్టిక్‌తో చేయడానికి 1970ల్లో ఎంత నమ్మకం కావాలో మౌల్డు పని చేసేవాళ్ళకు అర్థమవుతుంది. లోపల ఎన్ని తూటాలున్నాయో కనిపించే మ్యాగజైన్ కూడా ప్లాస్టిక్కే. ఆ రైఫిల్ ఇవాళ్టికీ ఆస్ట్రియాలో నడుస్తోంది, ఆస్ట్రేలియా లిత్‌గోలో దాని కొత్త రూపం తయారవుతోంది.

అయితే మాడ్యులర్ పనికిరాదన్న వాదన ఇక్కడే కూలిపోలేదా? కూలిపోయేదే, ఆగ్‌ను ఎలా వాడారో చూడకపోతే. ఆస్ట్రియా సైన్యంలో మామూలు జవాను చేతికిచ్చింది 508 మి.మీ. గొట్టం ఉన్న రైఫిలే. వాడు దాన్నే జీరో చేసుకుంటాడు (అంటే కాల్చి చూసి గురిని సరిచేసుకుంటాడు), దానితోనే సర్వీసంతా గడుపుతాడు. ఆగ్‌లో గురి చూసే అద్దం ఒంటి మీద ఉంటుంది. గొట్టం మారిస్తే ఆ అద్దానికీ కొత్త గొట్టానికీ మళ్ళీ పొత్తు కుదర్చాలి, అంటే మళ్ళీ రేంజికి వెళ్ళి జీరో చేయాలి. గొట్టం క్షణాల్లో మారుతుందన్నది నిజమే. నమ్మకంగా గురి కుదిరేది మాత్రం కాల్చి చూసుకున్న తర్వాతే. అలా మార్చగలగడం వల్ల నిజమైన మేలు జరిగింది స్టెయర్ ఫ్యాక్టరీకి, అరిగిన గొట్టాన్ని తీసి కొత్తది వేసే ఆర్మరర్‌కి.

తూటా మార్పిడి మరీ కష్టం. 5.56×45 గుల్ల అడుగు వ్యాసం సుమారు 9.6 మి.మీ. ఏకే తూటా 7.62×39కి అది సుమారు 11.35 మి.మీ. బోల్టు ముఖం మారాలి, గొట్టం మారాలి, గుల్ల వాలు వేరు కాబట్టి మ్యాగజైన్ వంపు మారాలి. గురి లెక్క మారాలి. బుల్‌పప్‌లో ఆ రెండు రకాల మ్యాగజైన్లూ పట్టే పెట్టె చెంప కిందే ఉంటుంది, దాన్ని పెద్దది చేస్తే మనిషి తల పెట్టే చోటు మారిపోతుంది. ఇన్ని మారాక మిగిలేది ఒళ్ళూ ట్రిగ్గరూ. దానికి బదులు రెండో రైఫిల్ కొని కోత్‌లో పెట్టుకోవడమే సుఖం అనిపిస్తుంది నాకు.

దోమల మందు పాఠం

బుల్‌పప్ అనగానే అందరూ బ్రిటన్ ఎల్85ను తిడతారు. దాంట్లో నాకు కనిపించే పాఠం వేరు. బ్రిటన్‌కు బుల్‌పప్ కొత్త కాదు. స్టీఫెన్ జాన్సన్ డిజైన్ చేసిన ఈఎం-2ను 1951లో సైన్యానికి ఖరారు చేసి, అమెరికా పట్టుబట్టిన 7.62 తూటా కోసం వెంటనే వదులుకున్నారు. అంటే ఆ రైఫిల్‌ను ఓడించింది దాని ఆకారం కాదు, తూటా రాజకీయం. పాతికేళ్ళ తర్వాత 1976లో 4.85 మి.మీ. తూటాతో మళ్ళీ మొదలుపెట్టారు. నాటో 5.56 వైపు మొగ్గేసరికి ఆ డిజైన్‌ను దానికి సర్దారు. 1985లో రైఫిల్ సైన్యంలోకి వచ్చింది. 1988లో దాన్ని తయారుచేస్తున్న ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీనే మూసేసి పనిని నాటింగ్‌హామ్‌కు తరలించారు. చేతులు తిరిగిన పనివాళ్ళు ఉద్యోగం పోతుందని తెలిసి చేసిన రైఫిళ్ళు ఎలా ఉంటాయో నేను ఊహించగలను. మూతపడబోయే షాపులో ఇన్‌స్పెక్షన్ ఎలా జరుగుతుందో చూసినవాణ్ణి.

1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుకలో జామ్‌లు వచ్చాయి, తగలకూడని చోట తగిలితే మ్యాగజైన్ ఊడి పడిపోయేది. వీటికన్నా నన్ను కుదిపింది వేరొకటి. సైనికులు ఒంటికి రాసుకునే దోమల మందు తగిలి రైఫిల్ ప్లాస్టిక్ కరిగిపోయేది. ఎడారికీ అడవికీ వెళ్ళే సైనికుడి చేతికి దోమల మందు అంటుకుని ఉంటుందన్నది ఎవరికీ తట్టలేదు! ఏ ప్లాస్టిక్ ఏ రసాయనానికి ఆగుతుందో మౌల్డు తెరవకముందే చూసుకోవాలి. చివరికి 2000 తర్వాత జర్మనీ హెక్లర్ అండ్ కోక్ వాళ్ళు సుమారు 2 లక్షల రైఫిళ్ళను విప్పి లోపలి భాగాలు మార్చి ఏ2గా తిరిగిచ్చారు. ఆకారం అదే, బుల్‌పప్పే. కానీ ఆ తర్వాత అది అఫ్ఘానిస్థాన్‌లో నమ్మకంగా పనిచేసింది. అంటే తప్పు బుల్‌పప్‌ది కాదని నాకు అర్థమైంది. అవసరం ఏమిటో తేల్చుకోకుండా మొదలుపెట్టడం, వాడేవాడి చేతిని చూడకుండా డిజైన్ ముగించడం, చేసేవాడి కడుపు కొట్టడం. ఈ మూడూ ఏ ఆకారాన్నైనా ముంచుతాయి.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. గాలి బుల్‌పప్ వైపు లేదు. ఫ్రాన్స్ 2016లో ఫామాస్ స్థానంలో మామూలు ఆకారపు హెచ్‌కే416ను ఎంచుకుంది. న్యూజిలాండ్ ఆగ్‌ను వదిలేసింది. చైనా 2019 పరేడ్‌లో తన బుల్‌పప్‌కు వారసుడిగా మామూలు ఆకారపు రైఫిల్‌ను చూపించింది. బ్రిటన్ కమాండోల చేతికి కూడా అమెరికా ఎం16 కుటుంబపు ఏఆర్ తరహా రైఫిల్ వచ్చేసింది. నిలిచినవాళ్ళలో ఆస్ట్రియా, ఆస్ట్రేలియా, క్రొయేషియా, సింగపూర్ ఉన్నాయి. పొట్టి గొట్టంలోనూ బాగా పనిచేసే తూటాలు రావడం, శబ్దం తగ్గించే సప్రెసర్లు, భుజానికి ఆనే చోట సాగే స్టాకులు, అందరికీ అలవాటైన ఏఆర్ భాగాలు, ఇవన్నీ కలిసి ఆ జానెడు లాభాన్ని కొరికేశాయి.

పోలండ్ చేసిన పని

పీణ్య కుర్రాడు నాకు జవాబు చెప్పాలనుకుంటే పోలండ్‌ను చూపించవచ్చు. వార్సా మిలిటరీ టెక్నాలజీ విశ్వవిద్యాలయం, రాడోమ్ ఫ్యాక్టరీ కలిసి 2007లో ఎంఎస్‌బీఎస్ అనే రైఫిల్ పని మొదలుపెట్టాయి. ఒకే రిసీవర్ (బోల్టునూ గొట్టాన్నీ పట్టి ఉంచే భాగం), ఒకే బోల్టు. కింది భాగం, వెనక భాగం మారిస్తే ఒకటి మామూలు రైఫిల్, ఇంకొకటి బుల్‌పప్. తెర మీద ఆ కుర్రాడు చూపించింది దాదాపు ఇదే. చివరికి పోలండ్ బలగాలు 2017 నుంచి పెద్దసంఖ్యలో తీసుకున్నది గ్రోట్ అనే మామూలు రూపాన్నే. బుల్‌పప్ రూపం ప్రదర్శనల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే ఆ రెండో రూపం మీద పెట్టిన శ్రమంతా వృథాయేనా? మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. బుల్‌పప్ మంచిదా, మామూలుది మంచిదా అని మనం కొట్టుకునేటప్పుడు సాధారణంగా టావోర్‌ను ఏకేతోనో, ఆగ్‌ను ఎం16తోనో పోలుస్తాం. అందులో బోల్టు వేరు, గొట్టం వేరు, పనితనం వేరు. తేడా ఆకారానిదో కాదో ఎలా తేలుతుంది? అదే గొట్టం, అదే బోల్టు రెండు ఆకారాల్లో ఉంటే పోలిక నిక్కచ్చిగా ఉంటుంది. మాడ్యులర్ డిజైన్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచడం లేదు. నిర్ణయం తీసుకోవడానికి అది పనికొస్తుంది. తీసుకున్నాక ఒక రూపాన్ని ఉంచి రెండోదాన్ని పక్కన పెట్టాలి.

ఆ తర్వాత కూడా గ్రోట్‌కు సుఖం లేదు. 2021లో దాని లోపాల మీద పోలండ్ పత్రికల్లో పెద్ద దుమారం లేచింది. ఫ్యాక్టరీవాళ్ళు చాలా ఆరోపణలను కాదన్నారు. గ్యాస్ రెగ్యులేటర్ వంటివాటిని మాత్రం తర్వాతి రూపంలో సరిచేశారు. ఒక్క రూపాన్నే సైన్యం చేతికిచ్చినా ఇంత పని మిగిలింది. రెండు రూపాలూ, మూడు తూటాలూ ఒకేసారి ఇచ్చి ఉంటే ఏ ఫిర్యాదు దేనిదో విడదీయడానికే ఏళ్ళు పట్టేవి.

మన దగ్గర

మనకు ఈ పాఠాలు చెప్పడానికి పోలండ్ అక్కర్లేదు. ఇన్సాస్‌ను పుణెలోని డీఆర్‌డీఓ ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ ఒక కుటుంబంగానే తలపెట్టింది. రైఫిల్, తేలికపాటి మెషీన్‌గన్ (ఎల్‌ఎంజీ), కార్బైన్, మూడూ ఒకే పోలికతో. మొదటి రెండూ సైన్యంలోకి వచ్చాయి. కార్బైన్ నిలబడలేదు, పొట్టి గొట్టంలోంచి అంత తూటా కాలిస్తే వచ్చే అదురు, మంట వల్ల సైన్యం దాన్ని ఒప్పుకోలేదు. కార్గిల్ చలిలో ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న మాట విన్న ప్రతిసారీ నాకు మనసు మెలిపెట్టినట్టుంటుంది. ఏళ్ళ తరబడి చేసిన రైఫిల్‌కు ఒక మ్యాగజైన్ వల్ల చెడ్డపేరు వచ్చింది. ఆ గ్రేడు ప్లాస్టిక్‌ను ఫ్రీజర్లో పెట్టి కింద పడేసి చూసే పరీక్ష ఖర్చు ఎంత?

2011లో సైన్యం 66,000 బహుళ క్యాలిబర్ రైఫిళ్ళకు టెండరు పిలిచింది. గొట్టం మారిస్తే 5.56 నుంచి 7.62×39కి మారిపోవాలని కోరింది. యుద్ధానికి ఒకటి, ఉగ్రవాదుల వేటకు ఒకటి. 2015లో ఆ టెండరు రద్దయింది. తర్వాత ఏం కొన్నామో అందరికీ తెలుసు. 7.62×51లో సిగ్ 716, 7.62×39లో ఏకే-203. రెండు అవసరాలకు రెండు రైఫిళ్ళు.

ఇక్కడ ఎదుటివాదం బలమైనదే. సైన్యం మనసు పదేళ్ళలో ఇన్నిసార్లు మారితే, తూటా మార్చుకోగల రైఫిలే కదా మిగలగలిగేది అని ఆ స్టార్టప్ కుర్రాడు అడగొచ్చు. మా మేనల్లుడు అడిగాడు కూడా. "మామా, వాళ్ళు ఏం కావాలో తేల్చుకునేదాకా మనం ఖాళీగా కూర్చోవాలా?" కూర్చోనక్కర్లేదు. కానీ ఆ తయారీ ఫ్యాక్టరీలో ఉండాలి. ఒకే రిసీవర్ డ్రాయింగ్ మీద రెండు బోల్టులకు, రెండు గొట్టాలకు జిగ్గులు, ఫిక్స్చర్లు (తయారీలో ముక్కను పట్టి ఉంచే సాధనాలు) సిద్ధంగా పెట్టుకుంటే, నిర్ణయం వచ్చిన రోజున ఏళ్ళు కాదు, నెలల్లో కదలొచ్చు. ఏఆర్‌డీఈ, హైదరాబాద్ ద్వీపా ఆర్మర్ కలిసి 2024 జనవరిలో చూపించిన 7.62×51 ఉగ్రమ్ రైఫిల్ వంద రోజుల్లోపే తయారైందని చెప్పారు. మన ఊళ్ళో ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ సొంత డిజైన్‌తో స్నైపర్ రైఫిళ్ళు చేస్తోంది. మనకు చేతులున్నాయి, మెషీన్లున్నాయి. అయితే ఫ్యాక్టరీకి ఉన్న ఆ వీలును జవాను బ్యాగులో పెట్టి మోయించకూడదు. పైగా 2011 టెండరులో కోరింది సరిగ్గా ఇలాంటి రైఫిల్‌నే. మనసు మారినప్పుడు ముందు పోయింది అదే.

నా చేతికి ఒక అవసరాల పత్రం రాయమని ఇస్తే ఇలా రాస్తాను. ఒక తూటా, ఒక గొట్టం. బుల్‌పప్ కావాలంటే ముందు మ్యాగజైన్, దాని పెట్టె, ఎడమ భుజం, ఈ మూడూ తేల్చి ఆ తర్వాతే మిగతా ఒళ్ళు గీయాలి. ప్లాస్టిక్ ప్రతి గ్రేడునూ లడఖ్ చలిలో, జైసల్మేర్ ఎండలో, దోమల మందులో, గన్ ఆయిల్‌లో నానబెట్టి చూడాలి. మొదటి నమూనాలను రేంజిలో వాడే హవల్దార్ల చేతికి ఇచ్చి, వాళ్ళు చెప్పింది డ్రాయింగ్‌లోకి ఎక్కేదాకా మౌల్డుకు స్టీలు కోయకూడదు. గొట్టం మార్చే వీలు ఉండనీ, ఆ పని మాత్రం ఆర్మరర్ బెంచీ మీద, గేజ్ పక్కనే జరగాలి.

ఒక్క విషయంలో నా మాటను నేనే కాస్త సడలించుకోవాలి. చాలా బుల్‌పప్‌లలో స్టాకును ముందుకూ వెనక్కూ జరపడం కుదరదు, ఎందుకంటే అక్కడ బోల్టు కదులుతుంటుంది. సియాచిన్‌లో మందపాటి జాకెట్లేసుకున్న మనిషికీ, కేంద్ర బలగాల్లో చేరుతున్న పొట్టి చేతుల అమ్మాయికీ ఒకే పొడవు సరిపోదు. మరోవైపు బుల్‌పప్ బరువు భుజానికి దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువసేపు పట్టుకుని నిలబడేవాళ్ళకు చెయ్యి తక్కువ లాగుతుంది. ఆ అమ్మాయికి బుల్‌పప్ మేలు చేస్తుందో, చెరుపు చేస్తుందో రేంజిలోనే తేలాలి. అందుకని వెనక తగిలించే బట్ ప్లేటును రెండు మూడు మందాల్లో ఇవ్వాలి. రైఫిల్ ఇచ్చిన రోజున కోత్‌లోనే కొలిచి, బిగించి, పేరు మీద రాసేయాలి. దానికి కావలసింది మూడు చిన్న మౌల్డులు. ఆ మౌల్డుల్లో ఏ అతుకూ గురిని తాకదు.